కోడి పిండంలో మెత్తబడిన వైరస్: ఎల్లో ఫీవర్‌పై మాక్స్ థైలర్ పరిశోధన

ఎల్లో ఫీవర్ దోమకాటుతో సోకే వైరస్ జ్వరం. మన ఇళ్లలో డెంగీని అంటించే ఏడిస్ ఈజిప్టి దోమే దీన్నీ మోసుకు తిరుగుతుంది. జబ్బు ముదిరితే కాలేయం దెబ్బతిని కళ్లు పచ్చబడతాయి, నల్లటి వాంతులవుతాయి. 1793లో ఒక్క ఫిలడెల్ఫియా నగరంలోనే సుమారు 5 వేల మందిని ఈ జ్వరం పొట్టనబెట్టుకుంది. దీనికి దోమే కారణమని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లో చెబితే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1900లో హవానాలో వాల్టర్ రీడ్ బృందం దాన్ని రుజువు చేసింది. ఆ బృందంలోని జెస్సీ లేజియర్ అదే జ్వరానికి బలయ్యారు.

దోమల నిర్మూలనతో హవానా, పనామా తేరుకున్నాయి గానీ జబ్బును పుట్టించేది ఏమిటన్న వివాదం సాగుతూనే ఉంది. జపాన్‌కు చెందిన హిదెయో నొగూచి అది ఒక బ్యాక్టీరియా అన్నారు. ఆ వాదన తప్పని 1920లలో తేల్చినవారిలో మాక్స్ థైలర్ ఒకరు. థైలర్ 1899లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో పుట్టారు. తండ్రి ఆర్నాల్డ్ థైలర్ పేరుమోసిన పశువైద్య శాస్త్రవేత్త. లండన్‌లో వైద్యం చదివిన మాక్స్ 1922లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు.

1927లో పశ్చిమాఫ్రికాలో ఏడ్రియన్ స్టోక్స్ బృందం అసీబీ అనే రోగి రక్తాన్ని రీసస్ కోతికి ఎక్కించి, జబ్బును ప్రయోగశాలలోకి తేగలిగింది. రోగకారకం వైరస్ అని అలా తేలిపోయింది. అదే ఏడాది స్టోక్స్, మరుసటి ఏడాది నొగూచి, ఆయన మృతదేహాన్ని పరీక్షించిన విలియం యంగ్ ఈ జ్వరంతోనే చనిపోయారు. థైలర్‌కూ 1929లో సోకింది. ఆయన అదృష్టం, కోలుకున్నారు. ఈ పరిశోధన చరిత్ర చదువుతుంటే ప్రతి మలుపులోనూ ఓ సమాధి కనిపిస్తుంది. అంత తెగింపుతో పనిచేసినవాళ్ల పేర్లు ఇవాళ వైద్య గ్రంథాలకే పరిమితం కావడం బాధాకరం.

కోతులు ఖరీదైనవి, పట్టుకోవడమూ ప్రమాదమే. థైలర్ తెల్ల ఎలుకలను ఎంచుకున్నారు. మామూలుగా సూది వేస్తే వాటికి ఏమీ కాలేదు. వైరస్‌ను నేరుగా మెదడులోకి ఎక్కిస్తే మాత్రం మెదడువాపుతో చనిపోయాయి. 1930లో ఈ ఫలితం ప్రకటించి, అదే ఏడాది న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ప్రయోగశాలకు మారారు. ఒక మనిషి రక్తం నుంచి తీసిన సీరాన్ని వైరస్‌తో కలిపి ఎలుకకు ఎక్కిస్తే, అది బతికిందంటే ఆ మనిషికి రోగనిరోధక శక్తి ఉన్నట్టు. ఏ ప్రాంతాల్లో జబ్బు తిరిగిందో ఈ పరీక్షతోనే పటాలు గీశారు.

అసలు కష్టం టీకాది. ఎలుక మెదడులో పెంచిన వైరస్ కాలేయాన్ని వదిలేసినా నాడీమండలంపై పడేది. దాంతో థైలర్, ఆయన సహచరుడు హ్యూ స్మిత్ జీవకణాల్లో పెంచే దారి పట్టారు. అసీబీ రక్తం నుంచి వచ్చిన వైరస్‌ను మొదట ఎలుక పిండాల ముక్కల్లో, తర్వాత కోడి పిండాల ముక్కల్లో పెంచారు. చివరికి కోడి పిండం నుంచి మెదడు, వెన్నుపాము తీసేసి, మిగిలిన కణజాలాన్ని సన్నగా తరిగి, సీరం కలిపిన ద్రవంలో వేసి ఫ్లాస్కుల్లో ఉంచారు. కొన్ని రోజులకోసారి అందులోంచి కొంత తీసి కొత్త ఫ్లాస్కులో వేయడం, మధ్యమధ్య కోతుల మీద పరీక్షించడం. నెలల తరబడి ఇదే పని. 89వ మార్పిడికీ 114వ మార్పిడికీ నడుమ ఎక్కడో ఆ వైరస్ తన కాఠిన్యం పోగొట్టుకుంది. కోతికి జబ్బు చేయకుండానే రక్షణ ఇచ్చింది. ఆ రకానికి 17డీ అని పేరు. అదే పద్ధతిలో మళ్లీ ప్రయత్నిస్తే ఆ మార్పు తిరిగి రాలేదు. అసీబీ వైరస్‌కూ, 17డీ నుంచి వచ్చిన టీకా రకానికీ 68 న్యూక్లియోటైడ్ల తేడా ఉందని 1987లో బయటపడింది. దానివల్ల ప్రోటీన్లలో 32 అమైనో ఆమ్లాలు మారాయి.

1937లో ఫలితాలు ప్రకటించారు. బ్రెజిల్‌లో కొద్దికాలంలోనే 10 లక్షల మందికి పైగా టీకా వేశారు. 1942లో మాత్రం పెద్ద దెబ్బ తగిలింది. టీకాలో కలిపిన మానవ సీరం కలుషితమై, అమెరికా సైనికుల్లో దాదాపు 50 వేల మందికి హెపటైటిస్ వచ్చింది. తప్పు 17డీది కాదు, సీరానిది. దాన్ని తీసేశాకే టీకా మళ్లీ నమ్మదగినదైంది.

1951లో థైలర్‌కు నోబెల్ వచ్చింది. అప్పటికే రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ దోమలు, పిడుదులు మోసే ఇతర వైరస్‌ల వైపు మళ్లింది. ఆ కార్యక్రమంలో భాగంగానే 1952లో పుణెలో వైరస్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. నేటి జాతీయ వైరాలజీ సంస్థ అదే. థైలర్ 1964లో యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు, 1972లో కన్నుమూశారు.

ఏడిస్ దోమ విస్తారంగా ఉన్నా భారత్‌లో ఎల్లో ఫీవర్ లేదు. వైరస్ అడుగుపెడితే ప్రమాదమని తెలుసు కనుకే, ఆ జబ్బున్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చేవారిని టీకా పత్రం అడుగుతారు. నైజీరియాకో ఉగాండాకో ఉద్యోగానికి వెళ్లే తెలుగువారు బయలుదేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకునే టీకా కూడా 17డీ సంతతిదే. ఒక్క డోసు జీవితాంతం సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది.