ఐవీ (కెల్టిక్ వృక్ష జ్యోతిషం)

కెల్టిక్ వృక్ష జ్యోతిషంలోని 13 రాశుల్లో ఐవీ పదకొండవది. సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 27 వరకు పుట్టినవారిది ఈ రాశి. పట్టుదల, స్నేహంలో నిలకడ, కష్టాలను తట్టుకునే ఓర్పు దీని గుణాలని ఈ పద్ధతిని నమ్మేవారు చెబుతారు. ప్రాచీన కెల్టుల విద్యగా పేరుపడినా, ఇది 20వ శతాబ్దంలో రూపుదిద్దుకున్నది.

మొక్క స్వభావం

ఐవీ (హెడెరా హీలిక్స్) ఐరోపాలో పెరిగే సతతహరిత తీగ. కాండం నుంచి పుట్టే చిన్న వేళ్లతో చెట్లను, గోడలను పట్టుకుని పాకుతుంది. ఎక్కిన చెట్టు నుంచి ఆహారం పీల్చదు కాబట్టి ఇది బదనిక కాదు. తీగ ముదిరాకే పూస్తుంది. మిగిలిన మొక్కలు పూత ముగించే శరదృతువులో దీని పూలు విచ్చుకుని తేనెటీగలకు మకరందాన్నిస్తాయి. రాశికి చెప్పే గుణాల్లో చాలావరకు ఈ స్వభావం నుంచి తీసుకున్నవే.

ఓగమ్ లిపిలో

ఓగమ్ ఐర్లండ్‌లో పుట్టిన ప్రాచీన లిపి. రాతి అంచుల మీద గీతలుగా చెక్కిన శాసనాలు సుమారు 400 దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం 4-6 శతాబ్దాల నాటివి, వ్యక్తుల పేర్లు తెలిపేవి. ఇందులో 'గ' ధ్వనికి గుర్తైన అక్షరం పేరు గోర్ట్. పాత ఐరిష్‌లో ఆ మాటకు పొలం అని అర్థం. అక్షరాలను వర్ణించే పాత పదబంధాలు కూడా దాన్ని పచ్చికతోనే ముడిపెడతాయి. అక్షరాలన్నిటికీ చెట్ల పేర్లు అంటగట్టిన మధ్యయుగ పండితులు గోర్ట్‌కు ఐవీని కేటాయించారు. 14వ శతాబ్దం చివర రాసిన బాలిమోట్ గ్రంథంలోని ఓగమ్ వివరణలో ఈ జాబితా కనిపిస్తుంది. అందులో నెలల ప్రస్తావన గానీ జాతకాల ప్రస్తావన గానీ లేదు.

నెలగా మారిన అక్షరం

అక్షరాలను నెలలుగా మార్చినవాడు ఆంగ్ల కవి రాబర్ట్ గ్రేవ్స్. ఆయన తాత, లిమరిక్ బిషప్ చార్లెస్ గ్రేవ్స్ ఓగమ్ పండితుడు. 1948లో వెలువడిన 'ది వైట్ గాడెస్' గ్రంథంలో రాబర్ట్ 13 హల్లులకు 28 రోజుల చొప్పున నెలలు కల్పించి, మిగిలిన ఒక రోజును విడిగా ఉంచాడు. ఈ లెక్కలో అక్టోబరు ఐవీ వంతుకు వచ్చింది. గ్రీకు పురాణాల్లో ఐవీ మద్య దేవుడు డయొనీసస్‌కు ప్రీతిపాత్రం. అందుకే ఆ దేవుడి పేర థ్రేస్ కొండల్లో స్త్రీలు జరిపిన ఉన్మత్త ఉత్సవాలను గ్రేవ్స్ ఈ నెలతో కలిపాడు. మెలికలు తిరిగి పెరిగే ద్రాక్ష, ఐవీ పక్కపక్క నెలల్లో రావడాన్ని పునర్జన్మకు సంకేతంగా చూశాడు. అంటే కెల్టిక్ రాశిగా చలామణీ అవుతున్న ఐవీ ప్రతీకలో గ్రీకు పాలు తక్కువేమీ కాదు.

ఆదరణ, విమర్శ

గ్రేవ్స్ పంచాంగానికి వ్యక్తిత్వ వర్ణనలు జోడించి, దాన్ని జాతక పద్ధతిగా మలచినవారు తరువాతి రచయితలు. 1994లో హెలెనా పాటర్సన్ రాసిన కెల్టిక్ జ్యోతిష కరదీపిక ఇలాంటి పుస్తకాల్లో పేరొందింది.

కెల్టు చరిత్రకారులు ఈ పద్ధతిని అంగీకరించరు. 1897లో ఫ్రాన్స్‌లోని కొలిన్యీ వద్ద దొరికిన కంచు పంచాంగం గాల్ ప్రాంతపు కెల్టులది. ఐదేళ్ల చక్రంతో నడిచే ఆ పంచాంగంలో చెట్ల నెలల వరుస లేదు. మధ్యయుగపు ఐరిష్ జ్యోతిష గ్రంథాల్లో ఉన్నవి గ్రీకు, అరబ్బు సంప్రదాయాల నుంచి వచ్చిన 12 రాశులేనని చరిత్రకారుడు పీటర్ బెరెస్‌ఫర్డ్ ఎల్లిస్ 1997 నాటి వ్యాసంలో చూపాడు. అయినా ప్రకృతి ఆరాధనను పునరుద్ధరించే నవ పేగన్ బృందాల్లోనూ, వారఫలాల శీర్షికల్లోనూ ఐవీ రాశి వాడుకలో ఉంది.