శిశిరాంతము – ఆకురాల్చు వృక్షములను ఖండించు కాలము

ఆత్మకూరు నుండి వేంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను, కైలాసద్వారముల మీదుగా శ్రీశైలమునకు పోవు కాలిబాట ప్రాచీనమైనది. మాఘ బహుళ చతుర్దశినాటి మహాశివరాత్రికి కొందరు, చైత్ర శుద్ధ పాడ్యమినాటి ఉగాదికి కన్నడదేశపు భక్తులు ఈ నల్లమల మార్గమున నడతురు. ఈ రెండు పర్వముల నడుమ అంతరము సుమారు ఒక మాసము. శివరాత్రినాటికి టేకు, మద్ది, సండ్ర మొదలగు వృక్షములు పత్రహీనములై నిలుచును. ఉగాది సమీపించుకొలది మోదుగ పుష్పించును, అనేక తరువులు చిగిర్చును. ఆకురాల్చు చెట్టును ఎప్పుడు ఖండింపవలెనను ప్రశ్నకు సమాధానము ఈ మాసమునందే కలదు.

వైదిక వాఙ్మయమున వృక్షచ్ఛేదనము విధినియతమైన కర్మ. తైత్తిరీయసంహిత ఆరవ కాండమున యూపచ్ఛేదన విధి వర్ణితమైనది. చెట్టుపై దర్భనుంచి రక్షణను ప్రార్థింతురు. హింసింపవద్దని గొడ్డలినే వేడుకొందురు. బండి ఇరుసు తగులకుండునంత క్రిందుగా నరుకవలెనని విధి. పిమ్మట మిగిలిన మోటుపై ఆజ్యమును హోమము చేయుదురు. అందువలననే నరికిన మోటునుండి బహుళముగా మొలకలు లేచునని శ్రుతి హేతువు చెప్పుచున్నది. ఛిన్నవృక్షము బహుశాఖమగునను పరిశీలన ఆ కాలమునకే సిద్ధమై యున్నదని దీనివలన తెలియును. యూపమునకు విహితములైన పలాశము, ఖదిరము, బిల్వము మూడును ఆకురాల్చునవే; మూడును నల్లమల వాసులే.

కాలనియమము పురాణమునందును కలదు. అమావాస్యనాడు చంద్రుడు లతాగుల్మములయందు వసించునని, ఆనాడు వానిని ఛేదించువాడు బ్రహ్మహత్యాదోషమును పొందునని విష్ణుపురాణము ద్వితీయాంశము చెప్పుచున్నది. క్రీ.శ. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున, కొమ్మలు పుట్టని మొక్కలను శిశిరమునను, కొమ్మలు వేసినవానిని హేమంతమునను, బలమైన బోదెగలవానిని వర్షాగమమునను మార్చి నాటవలెనని విభజించెను. మొక్క అవస్థను బట్టి ఋతువును నిర్ణయించుట ఇందలి విశేషము.

కుండీయందు వామనవృక్షమును పెంచు కళ మన శాస్త్రములనుండియే పోయినదని కొందరందురు. దానికి నిదర్శనము చూపుట కష్టము. చీనా దేశమున 706వ సంవత్సరపు జాంగ్‌హ్వై రాకుమారుని సమాధిలోని కుడ్యచిత్రమున, చిన్న మొక్కలు, శిలలుగల పళ్లెమును మోయు సేవకుడు కానవచ్చును. ఆ కళయే జపానుకు చేరి బోన్సాయ్ అయ్యెను. 1923నాటి మహాభూకంపము పిమ్మట టోక్యో నుండి తరలిన తోటమాలులు 1925లో ఓమియా గ్రామమును స్థాపించిరి. అశ్వత్థమును కుండీలో పెంచు మనవారు సత్యమును సత్యముగా గ్రహించుటయే శాస్త్రగౌరవము.

కాలనిర్ణయమునకు హేతువు స్పష్టము. ఆకు రాలుటకు ముందు చెట్టు తన ఆహారసారమును కాండమునను వేళ్లయందును నిలువచేసికొనును. చిగురుటకు కించిత్పూర్వము కొమ్మను ఖండించినచో, ఆ సారమంతయు మిగిలిన మొగ్గలకు చేరును. చిగిర్చిన వెంటనే ఖండించినచో వెచ్చించిన సారము వ్యర్థమగును. వర్షర్తువున గాయము తడిసి శిలీంధ్రములకు ఆటపట్టగును. అయితే మోదుగ, బూరుగు, కొండగోగు ఆకులేని కొమ్మలపై పూచునవి గనుక, పుష్పించిన పిమ్మటనే వానిని కత్తిరింపవలెను. కుండీలోని రావికైనను, పెరటిలోని వేపకైనను ఈ వివేకమే వర్తించును. ఏకకాలమున అధికభాగమును తొలగింపరాదు.

నేడు శివరాత్రికి బిల్వపత్రి పేరిట కొమ్మలకు కొమ్మలే విరిచి తెచ్చుట అనేక స్థలముల కానవచ్చుచున్నది. విరిచిన కొమ్మ చీలి బెరడు ఊడును. ఆ గాయము మానుటకు ఏండ్లు పట్టును. అర్చనకు కావలసినది త్రిదళము, శాఖ కాదు. నరికిన మోటుకు ఆజ్యము పోసి మరల చిగురింపుమని ప్రార్థించిన సంప్రదాయమునకు వారసులైనవారు, పత్రిని గోటితో గిల్లి తెచ్చుట ఉచితము.