శనివారం మూతపడిన రేవు

ఒక ఊళ్ళో ఏ రోజు సెలవు అన్నది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఆ ఊళ్ళో ఎవరెవరు ఉన్నారు, ఎవరి మాట చెల్లింది అన్నది సెలవును బట్టి కూడా తెలుసుకోవచ్చు. దీనికి మంచి ఉదాహరణ గ్రీసు దేశంలోని థెస్సలొనీకి. మధ్యధరా సముద్రంలో భాగమైన ఏజియన్ సముద్రం ఒడ్డున, ఒక లోతైన అఖాతం చివర ఉన్న రేవు పట్టణం అది. ఏథెన్స్ తర్వాత గ్రీసులో రెండో పెద్ద నగరం. ఈ ఊళ్ళో శుక్రవారం సెలవు పాటించినవాళ్ళు ఉన్నారు, శనివారం పాటించినవాళ్ళు ఉన్నారు, ఆదివారం పాటించినవాళ్ళు ఉన్నారు. ఆ మూడు సెలవులు ఒకటి ఎలా అయ్యాయో తెలుసుకుంటే ఊరి చరిత్ర సగం తెలిసినట్టే.

నేను ఈ ఊరిని పుస్తకాల్లో, పటాల్లో చూశాను. ఎవరైనా శనివారం, ఆదివారం రెండు రోజులు అక్కడ గడపగలిగితే ఏ వరుసలో చూస్తే చరిత్ర అర్థమవుతుందో ఆ వరుసలోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒక ఊరు, అయిదు పేర్లు

క్రీ.పూ. 315 ప్రాంతంలో మాసిడోనియా రాజు కసాండర్ ఈ ఊరిని కట్టించి తన భార్య థెస్సలొనీకి పేరు పెట్టాడు. ఆమె అలెగ్జాండర్ చక్రవర్తికి సవతి చెల్లెలు. అదే ఊరిని తుర్కులు సెలానిక్ అన్నారు, స్లావులు సొలున్ అన్నారు, ఇక్కడి యూదులు సలోనికో అన్నారు, పడమటి దేశాలవాళ్ళు సలోనికా అన్నారు. ఒక ఊరికి ఇన్ని పేర్లున్నాయంటే ఇన్ని భాషలవాళ్ళు దాన్ని మా ఊరు అనుకున్నారన్నమాట.

శనివారం ఉదయం: రోమన్ల ఊరు

మొదట చూడాల్సింది గలేరియస్ తోరణం. గలేరియస్ రోమన్ చక్రవర్తి. పర్షియన్ల మీద గెలిచిన యుద్ధానికి గుర్తుగా సుమారు 1700 ఏళ్ళ క్రితం దీన్ని కట్టారు. రాళ్ళ మీద ఆ యుద్ధం అంతా బొమ్మలుగా చెక్కి ఉంటుంది. ఇప్పుడు దాని పక్కనే బస్సులు పోతుంటాయి, కాలేజీ పిల్లలు దాని కింద కలుసుకుంటారు.

అక్కడినుంచి నాలుగు అడుగులు వేస్తే రొటుండా. ఇది గుండ్రటి కట్టడం. లోపలి వెడల్పు 24 మీటర్లకు పైనే, గోడల మందం 6 మీటర్లకు పైనే. ముందు రోమన్ల కట్టడం, తర్వాత క్రైస్తవుల గుడి, 16వ శతాబ్దం చివరినుంచి 1912 దాకా మసీదు. ఇప్పుడు పురాతన కట్టడంగా కాపాడుతున్నారు. కప్పు లోపల క్రైస్తవుల కాలం నాటి రంగురాళ్ళ బొమ్మలు, బయట మసీదు మినారు రెండూ కనిపిస్తాయి. ఈ ఊళ్ళో మిగిలిన మినారు ఇదొక్కటే. ఊళ్ళోని 15 పాత కట్టడాలను యునెస్కో 1988లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఇది కూడా ఉంది.

భాషల చరిత్రలో కూడా ఈ ఊరికి పెద్ద స్థానం ఉంది. 9వ శతాబ్దంలో ఇక్కడ పుట్టిన సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు స్లావు జనం మాట్లాడే భాషకు లిపి తయారుచేశారు. పెద్ద భాషల్లోనే ప్రార్థన చేయాలి అనే రోజుల్లో, జనం ఇంట్లో మాట్లాడే భాషలో ప్రార్థన పుస్తకాలు రాశారు. ఇప్పుడు రష్యన్, బల్గేరియన్ భాషలు రాసే సిరిలిక్ లిపికి సిరిల్ పేరే పెట్టారు.

శనివారం మధ్యాహ్నం: రేవు

మధ్యాహ్నం సముద్రం ఒడ్డుకు రావాలి. ఇక్కడ బండ్ల మీద నువ్వులు అద్దిన గుండ్రటి రొట్టెలు అమ్ముతారు, వాటిని కులూరి అంటారు. అది తింటూ తెల్ల బురుజునుంచి రేవుదాకా నడిచి వెళ్ళవచ్చు. గాలి తేటగా ఉన్న రోజు అఖాతం అవతల ఒలింపస్ కొండ కనిపిస్తుంది. తెల్ల బురుజును తుర్కుల కాలంలో కట్టారు, చాలాకాలం జైలుగా వాడారు. ఇప్పుడు అందులో ఊరి చరిత్ర చెప్పే మ్యూజియం ఉంది.

ఈ రేవు అసలు కథ 1492లో మొదలవుతుంది. ఆ సంవత్సరం అనగానే మనకు కొలంబస్ గుర్తొస్తాడు. కొలంబస్‌ను పంపిన స్పెయిన్ రాజు, రాణి అదే ఏడు ఇంకో ఆజ్ఞ కూడా ఇచ్చారు. యూదులందరూ మతం మారాలి, లేకపోతే దేశం విడిచి పోవాలి. వేలమంది ఇళ్ళు వాకిళ్ళు వదిలి ఓడలెక్కారు. ఒట్టోమాన్ తుర్కుల సుల్తాను రెండవ బయెజీద్ వాళ్ళను తన రాజ్యంలోకి రానిచ్చాడు. తుర్కులు 1430లోనే థెస్సలొనీకిని గెలుచుకుని ఉన్నారు. అలా స్పెయిన్ యూదులు ఇక్కడికి చేరారు. 1519 నాటి లెక్కల్లో ఊరి జనంలో సగానికి పైగా యూదులే.

వచ్చినవాళ్ళు తమ ప్రార్థన మందిరాలకు పోగొట్టుకున్న ఊళ్ళ పేర్లే పెట్టుకున్నారు. కాస్టిల్, అరగాన్, కాటలాన్, లిస్బన్ ఇలా. ఉన్ని బట్టలు నేశారు, సుల్తాను సైనికులకు కావలసిన బట్ట వాళ్ళే ఇచ్చేవారు. పుస్తకాలు అచ్చువేశారు. వ్యాపారులు, డాక్టర్లు, బెస్తవాళ్ళు, హమాలీలు అన్ని పనుల్లోనూ యూదులు ఉన్నారు. రేవులో ఓడలనుంచి సరుకు దించే కూలీల్లో ఎక్కువమంది వాళ్ళే. యూదులకు శనివారం పని చేయకూడని పవిత్ర దినం. అందుకని శనివారం రేవులో పని ఆగిపోయేది. తుర్కీ అధికారి అయినా, గ్రీకు వ్యాపారి అయినా, ఇంగ్లీషు ఓడ కెప్టెన్ అయినా ఆదివారం దాకా ఆగాల్సిందే. రాజ్యం లేని జనం, సైన్యం లేని జనం పాటించే సెలవును ఊరంతా ఒప్పుకుందన్నమాట.

ఇంట్లో మిగిలిన స్పెయిన్

యూదులు స్పెయిన్‌నుంచి తెచ్చుకున్న ఆస్తుల్లో ఎక్కువకాలం నిలిచింది వాళ్ళ భాష. అది 15వ శతాబ్దపు స్పానిష్. దాన్ని లదీనో అంటారు. అమ్మలు పిల్లలకు జోలపాటలు ఆ భాషలోనే పాడారు. బజారులో తుర్కీ మాటలు, గ్రీకు మాటలు వచ్చి కలిశాయి. రాసేటప్పుడు హీబ్రూ అక్షరాలతో రాశారు. 19వ శతాబ్దంలో ఈ ఊళ్ళో లదీనో వార్తాపత్రికలు కూడా వచ్చాయి. తమను వెళ్ళగొట్టిన దేశపు భాషను 450 ఏళ్ళు ఇంటి భాషగా కాపాడుకున్నారంటే ఆశ్చర్యమే కదా.

ఇందులో ఒక చిన్న మాట నాకు బాగా నచ్చింది. స్పానిష్‌లో ఆదివారాన్ని దొమింగో అంటారు. అంటే ప్రభువు దినం, క్రైస్తవుల అర్థం. యూదులు ఆ మాట వాడలేదు. అరబ్బీనుంచి అల్హద్ అనే మాట తీసుకున్నారు, అంటే ఒకటో రోజు. భాష స్పెయిన్‌దే అయినా వారాన్ని మాత్రం తమ పద్ధతిలోనే లెక్కపెట్టుకున్నారు.

మూడు సెలవులు ఒకటైన కథ

1912లో గ్రీసు సైన్యం ఊళ్ళోకి వచ్చింది, తుర్కుల పాలన ముగిసింది. మరుసటి ఏడు గ్రీసు ప్రభుత్వం జనాన్ని లెక్కించింది. మొత్తం 1,57,889 మంది. అందులో యూదులు 61,439, ముస్లింలు 45,867, గ్రీకులు 39,956. మిగిలినవాళ్ళు బల్గేరియన్లు, ఇతరులు. ఎవరికీ సగం లేదు.

ఆ తర్వాత పదేళ్ళలో అంతా మారిపోయింది. 1917 ఆగస్టులో ఒక ఇంటి వంటగదిలో పుట్టిన నిప్పు ఊరి నడుమంతా కాల్చేసింది. సుమారు 70 వేలమందికి ఇల్లు లేకుండా పోయింది, వాళ్ళలో ఎక్కువమంది యూదులు. కాలిపోయిన భాగాన్ని ఫ్రెంచి వాస్తుశిల్పి ఎర్నెస్ట్ ఎబ్రార్ నాయకత్వంలో కొత్తగా గీశారు. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే అరిస్టాటిల్ కూడలి ఆ ప్లానులోదే. కాలకుండా మిగిలిన పాత వీధులు చూడాలంటే కొండమీది పై ఊరికి వెళ్ళాలి.

1923లో గ్రీసు, తుర్కీ ఒప్పందం చేసుకుని జనాన్ని మార్చుకున్నాయి. తుర్కీనుంచి సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసునుంచి సుమారు 4 లక్షల ముస్లింలు తుర్కీకి చేరారు. ఎవరు ఎటు పోవాలో మతాన్ని బట్టే చూశారు, భాషను అడగలేదు. తుర్కీ తప్ప ఇంకో భాష రాని క్రైస్తవులు గ్రీసుకు వచ్చారు. గ్రీకు మాట్లాడే క్రీట్ ద్వీపం ముస్లింలు తుర్కీకి పోయారు. కొత్త తుర్కీకి నాయకుడైన ముస్తఫా కెమాల్ అతాతుర్క్ 1881లో పుట్టింది ఈ థెస్సలొనీకిలోనే. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. అలా ఊళ్ళో శుక్రవారం సెలవు పాటించేవాళ్ళు లేకుండా పోయారు.

1924లో ఆదివారమే అందరికీ సెలవు అని చట్టం వచ్చింది. యూదు అంగడివాడు శనివారం మతం కోసం మూయాలి, ఆదివారం చట్టం కోసం మూయాలి. వారానికి రెండు రోజులు సంపాదన పోతుంది. లేదంటే శనివారం వదులుకోవాలి. చాలామంది ఊరు వదిలారు. రేవు కూలీల్లో కొందరు 1930లలో పాలస్తీనాలోని హైఫా రేవులో పనికి వెళ్ళారు.

ఆదివారం: మ్యూజియం, మైదానం, రైలు

యూదుల మ్యూజియాన్ని ఆదివారమే చూడాలి. ఎందుకంటే ఇది ఇప్పటికీ శనివారం మూసే ఉంటుంది. 1917 నిప్పునుంచి తప్పించుకున్న కొద్ది భవనాల్లో ఇదొకటి. లోపల సమాధి రాళ్ళు, పాత ఫొటోలు, లదీనో పత్రికలు ఉన్నాయి.

అక్కడికి దగ్గరలోనే ఎలెఫ్తెరియాస్ మైదానం. ఆ మాటకు అర్థం స్వేచ్ఛ. 1941 ఏప్రిల్‌లో హిట్లరు సైన్యం ఈ ఊరిని పట్టుకుంది. 1942 జులై 11న 18నుంచి 45 ఏళ్ళ యూదు మగవాళ్ళందరూ ఈ మైదానానికి రావాలని ఆజ్ఞ వేశారు. సుమారు 9 వేలమంది వచ్చారు. గంటలకొద్దీ ఎండలో నిలబెట్టి కొట్టారు, అవమానించారు, తర్వాత కూలి శిబిరాలకు పంపారు. దానికోసం ఎంచుకున్న రోజు శనివారం. అందుకే దాన్ని నల్ల శనివారం అంటారు.

ఆ డిసెంబరులో 3 లక్షలకు పైగా సమాధులున్న యూదుల శ్మశానాన్ని పగలగొట్టారు. ఆ రాళ్ళను గోడలకు, దారులకు వాడుకున్నారు. 1943 మార్చి 15న మొదటి రైలు పోలండులోని ఆష్విట్జ్ శిబిరానికి బయలుదేరింది. ఆగస్టు దాకా రైళ్ళు వెళ్తూనే ఉన్నాయి. మొత్తం 45 వేలకు పైగా మనుషులు, ముసలివాళ్ళు, చంటిపిల్లలతో సహా. వాళ్ళలో ఎక్కువమందిని చేరిన రోజే చంపేశారు. యుద్ధం తర్వాత ఊళ్ళో మిగిలిన యూదులు 2 వేల లోపే. 450 ఏళ్ళు బతికిన భాష ఈ ఊళ్ళో కొన్ని నెలల్లో మూగబోయింది.

శ్మశానం ఉన్న నేల మీద ఇప్పుడు విశ్వవిద్యాలయం ఉంది. 2014లో అక్కడ ఒక స్మారకం కట్టారు. వేలమంది విద్యార్థులు రోజూ ఆ నేల మీదే నడిచి క్లాసుకు వెళ్తారు. స్మారకం లేకపోతే కాళ్ళ కింద ఏముందో వాళ్ళకు చెప్పేవాళ్ళు ఎవరు?

మనకు దీంట్లో ఏముంది

థెస్సలొనీకి యూదులకు వచ్చిన ఆపదతో మనకు పోలిక లేదు. కానీ వాళ్ళు బతికిన తీరు మన తమిళనాడు తెలుగువాళ్ళకు బాగానే అర్థమవుతుంది. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష. ఒక భాషలో ఇంకో భాష మాటలు వచ్చి కలుస్తాయి. పక్క భాషవాళ్ళతో తగవు లేకుండా తరాలు గడుస్తాయి. తమిళనాడులో తెలుగు వత్సరాదికి ప్రభుత్వ సెలవు ఉంది. ఏడాదికి ఒక్క రోజే, కానీ ఈ రాష్ట్రంలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారని ప్రతి ఇంటి క్యాలెండరూ ఆ రోజు చెబుతుంది. ఆ ఒక్క సెలవు విలువ ఎంతో 1924 నాటి యూదు అంగడివాడిని అడిగితే తెలుస్తుంది.

లదీనో భాష 450 ఏళ్ళు నిలిచింది ఏ రాజు బలంతోనూ కాదు. ఇంట్లో మాట్లాడారు, బడిలో నేర్పారు, అచ్చువేసి చదివారు. ఈ మూడింటిలో బడి పని మన బడి చేస్తోంది. అచ్చు పని ఈ పత్రిక చేస్తోంది. ఇంట్లో మాట్లాడే పని మనది.