నేపాల్ ఆందోళనలు (2025): ప్రయాణికుల భద్రత

2025 సెప్టెంబరులో ‘జెన్ జీ’ యువత సాగించిన ఆందోళన నేపాల్ ప్రభుత్వాన్ని రెండు రోజుల్లోనే కూల్చివేసింది. నాయకుల అవినీతి, వారి పిల్లల విలాసాలపై అప్పటికే రగులుతున్న కోపానికి 26 సామాజిక మాధ్యమాలపై సెప్టెంబరు 4న విధించిన నిషేధం ఆజ్యం పోసింది. 8న ఆందోళనల్లో కనీసం 19 మంది మరణించారు. 9న ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశారు. అదే రోజు పార్లమెంటు, సింహ దర్బారు (ప్రభుత్వ సచివాలయం), సుప్రీంకోర్టు భవనాలకు నిప్పంటించారు. 12న సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధాని అయ్యారు.

జనాగ్రహం విదేశీయుల మీద కాదు. అయినా ముక్తినాథ్, పశుపతినాథ్, మానస సరోవర యాత్రలకు వెళ్లిన తెలుగువారు సహా వేలమంది చిక్కుకుపోయారు. త్రిభువన్ విమానాశ్రయం 9న మూతపడి మర్నాటి సాయంత్రానికి గానీ తెరుచుకోలేదు; వీధుల్లో సైన్యం కర్ఫ్యూ అమలుచేసింది. ఇలాంటప్పుడు బయటికి రాకుండా హోటల్లోనే ఉండమని చెప్పడం పరిపాటి. ఖాట్మండులో ఆ సలహా ఒక్కటే సరిపోలేదు. హిల్టన్ హోటల్ కాలిపోయింది. మరో హోటల్లో మంటల నుంచి తప్పించుకోబోయి ఒక భారతీయ మహిళ ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి బస ఎంత ఖరీదైనదన్నది కాదు, ప్రభుత్వ భవనాలకూ నాయకుల ఇళ్లకూ ఎంత దూరమన్నది చూసుకోవాలి. కింది అంతస్తులో గది, వెనకవైపు మెట్ల దారి ముందే తెలిసి ఉండటం మేలు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 11న ప్రత్యేక విమానంలో తమ వారిని విశాఖపట్నం, తిరుపతిలకు చేర్చింది. ఢిల్లీలోని తెలంగాణ భవన్‌లో సహాయ కేంద్రం పనిచేసింది. ఇలాంటి తరలింపులకు పేరు, ఫోను నంబరు, ఉన్న చోటు అధికారుల జాబితాకు ఎక్కడం కీలకం. టూర్ నిర్వాహకుడు చూసుకుంటాడని ఊరుకోకుండా రాయబార కార్యాలయానికి ఎవరికి వారు తెలియజేయడమే నయం. పెద్దవాళ్లున్న బృందాలకు అసలు చిక్కు మందులతో వస్తుంది; తిరుగు ప్రయాణం తేదీ దాటినా కొన్ని రోజులకు సరిపడా ఉంచుకోవాలి.

మూతపడేది ప్రతిచోటా ఒకటే కాదు. 2008 నవంబరులో బ్యాంకాక్‌లో, 2019 ఆగస్టులో హాంకాంగ్‌లో నిరసనకారులు విమానాశ్రయాల్లోనే బైఠాయించారు. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో ఇంటర్నెట్ ఆగిపోయింది. అక్కడి భారతీయ విద్యార్థులు చాలామంది సరిహద్దు చెక్‌పోస్టుల మీదుగా రోడ్డుమార్గాన తిరిగొచ్చారు. నెట్ లేకపోతే వాట్సాప్‌తో పాటు ఫోన్ చెల్లింపులూ ఆగిపోతాయి. స్థానిక నగదు, కాగితం మీద రాసుకున్న నంబర్లు, పాస్‌పోర్టు నకలు అప్పుడే అక్కరకొస్తాయి.

ఊరేగింపును ఫోన్‌లో చిత్రీకరించాలన్న సరదా ప్రమాదకరం: పోలీసులు గూఢచారి అనుకోవచ్చు, ఆందోళనకారులు పోలీసు మనిషి అనుకోవచ్చు. పర్యాటక వీసాపై వచ్చినవారు నిరసనల్లో పాల్గొంటే చాలా దేశాలు వెనక్కి పంపేస్తాయి. ప్రయాణ బీమా పాలసీల్లో అల్లర్ల నష్టానికి తరచూ మినహాయింపు ఉంటుంది. గొడవలు మొదలయ్యాక కొన్న పాలసీ వాటికి సాధారణంగా వర్తించదు.