మాతృభాషలో చదువు, మరొకరి ఆజ్ఞ మీద

మాతృభాషలో చదువు చెప్పాలని వాదించేవాళ్లను దక్షిణాఫ్రికా చరిత్ర ఇరుకున పెడుతుంది. మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వ విధానంగా తీసుకుని, భాషకొక సంఘం వేసి, పారిభాషిక పదాలు తయారుచేయించి, పాఠ్యపుస్తకాలు అచ్చువేయించి, ప్రాథమిక విద్య మొత్తం ఎనిమిదేళ్లూ పట్టుబట్టి అమలు చేసింది అక్కడి వర్ణవివక్ష ప్రభుత్వమే. ఆ బడులను అందరికంటే ఎక్కువగా అసహ్యించుకున్నది కూడా ఆ భాషలు మాట్లాడే తల్లిదండ్రులే. పాఠం ఏ భాషలో నడుస్తోందో చూసి సమానత్వాన్ని కొలవబోతే ఈ చిక్కు వీడదు. ఆ భాషను ఎంచుకున్నది ఎవరు, ఆ భాషలో చదివిన పిల్ల చివరికి ఎంత దూరం వెళ్లగలదు అన్న రెండు ప్రశ్నలు కలిపి అడిగితేనే దక్షిణాఫ్రికాలో నూరేళ్లకు పైగా సాగిన ఈ పోరాటం అర్థమవుతుంది.

కథ నల్లజాతి పిల్లలతో మొదలు కాలేదు. 1899-1902 యుద్ధంలో డచ్చి సంతతి బోయర్లు (తరవాతి ఆఫ్రికానర్లు) ఓడిపోయాక బ్రిటిష్ పాలకుడు మిల్నర్ వాళ్ల పిల్లలను బడి ద్వారా ఇంగ్లిషువాళ్లుగా మార్చాలని చూశాడు. బడిలో డచ్చి మాట్లాడిన పిల్లల మెడలో అవమానకరమైన పలకలు వేలాడదీశారన్న కథలు ఆఫ్రికానర్ కుటుంబాల్లో తరాలపాటు నిలిచాయి. వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ‘క్రైస్తవ జాతీయ విద్య’ పేరుతో సొంత డబ్బుతో సొంత బడులు పెట్టుకున్నారు. 1910లో దక్షిణాఫ్రికా యూనియన్ ఏర్పడినప్పుడు ఇంగ్లిషుతో పాటు డచ్చికీ సమాన హోదా సాధించారు, 1925లో డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్‌కు అధికార భాష హోదా తెచ్చుకున్నారు. ఒక చిన్న జాతి తన భాషను బడిలో నిలబెట్టుకోవడంలో ఇంత త్వరగా గెలిచిన సందర్భాలు అరుదు. ఆ గెలుపు వెనక వాళ్లకు ఓటు ఉంది, భూమి ఉంది, కొద్దికాలానికే ప్రభుత్వమూ చేతికొచ్చింది. ఆఫ్రికాన్స్‌లో చదివినవాడికి రైల్వేలో, పోలీసులో, సచివాలయంలో, విశ్వవిద్యాలయంలో చోటు దొరికింది. మాతృభాష మనిషిని నిలబెడుతుందన్న నమ్మకం వాళ్ల సొంత అనుభవంలోంచే పుట్టింది. చిక్కల్లా, 1948లో ఆఫ్రికానర్ల నేషనల్ పార్టీ గెలిచాక అదే సూత్రాన్ని తమకు ఓటు వేసే హక్కు లేనివాళ్లపై ప్రయోగించడం.

ఆ ప్రయోగానికి రూపమిచ్చిన ఐసెలెన్ జర్మన్ మిషనరీల కొడుకు, మానవశాస్త్రవేత్త, ఆఫ్రికన్ భాషలు చదువుకున్నవాడు. 1949లో వేసిన ఆయన కమిషన్ 1951లో నివేదిక ఇచ్చింది. 1953లో నల్లజాతి పిల్లల చదువుకు బంటూ విద్యా చట్టం వచ్చింది. అప్పటిదాకా నల్లజాతి పిల్లల చదువు చాలావరకు లవ్‌డేల్, హీల్డ్‌టౌన్, ఆడమ్స్ కాలేజీ వంటి మిషనరీ సంస్థల చేతుల్లో ఉండేది. ఆ సంస్థలు అందరికీ అందినవి కావు, లోపాలు లేనివీ కావు. అయినా మండేలా తరం ఇంగ్లిషు నేర్చుకున్నదీ, ప్రపంచంతో మాట్లాడటం నేర్చుకున్నదీ అక్కడే. చట్టం వచ్చాక ఆ బడులు ప్రభుత్వానికి అప్పజెప్పడమో, గ్రాంటు వదులుకోవడమో తేల్చుకోవలసి వచ్చింది. మంత్రి ఫెర్‌వుర్డ్ దాపరికం లేని మనిషి. తెల్లవాళ్ల సమాజంలో కొన్ని రకాల కూలి పనులకు మించి నల్లవాడికి చోటు లేదని 1954లో సెనేట్‌లోనే చెప్పాడు. మాతృభాషా మాధ్యమం ఆ లెక్కలో చక్కగా ఒదిగింది. జులూ, ఖోసా, సోతో పిల్లలను వేరువేరు బడుల్లో చదివిస్తే వేరువేరు ‘జాతులు’గా పెరుగుతారు. ఒకరితో ఒకరు కలవరు, నగరం తమదనుకోరు. జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ల నివాసప్రాంతం సొవెటోలో ఇళ్లను సైతం భాషల వారీగా విడగొట్టారు.

ఇది చదువు కోసం చేసిన పని కాదనడానికి ఖర్చు లెక్కలే సాక్ష్యం. నల్లజాతి విద్యకు ఖజానా నుంచి ఇచ్చే మొత్తాన్ని ఏడాదికి 65 లక్షల పౌండ్ల దగ్గర గిరిగీసి ఆపేశారు. మిగతాది నల్లవాళ్లు కట్టే పన్నులోంచే రావాలి. పిల్లలు పెరిగారు, సొమ్ము పెరగలేదు. 1975-76 నాటికి ఒక్కో విద్యార్థిపై సాలీనా ఖర్చు తెల్లపిల్లకు 644 ర్యాండ్లు, భారతీయ సంతతి పిల్లకు 189, మిశ్రజాతి పిల్లకు 139, ఆఫ్రికన్ పిల్లకు 42. ప్రతిఘటన చట్టంతో పాటే మొదలైంది. ఐసెలెన్ నివేదికను వ్యతిరేకించినందుకు ఓర్లాండో ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఎంఫాలేలే 1952లోనే ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తరవాత ఆయన పెద్ద రచయిత అయ్యాడు. 1955 ఏప్రిల్‌లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ పిలుపుతో వేలమంది పిల్లలు బడి మానేశారు. నమోదు కాని బడి నడపడం నేరం కనుక వాళ్లకోసం ‘సాంస్కృతిక క్లబ్బులు’ పెట్టి కథలు, ఆటలు, పాటల చాటున పాఠం చెప్పారు. అవి ఎక్కువ కాలం నిలవలేదు. పనికి వెళ్లే తల్లిదండ్రులకు పిల్లల్ని వీధిలో వదిలేయడం కంటే చెడ్డ బడే నయమనిపించింది. వాళ్లను తప్పుపట్టలేం.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది. ఉద్దేశం ఎంత చెడ్డదైనా పద్ధతి మంచిదే కదా? పిల్ల తనకు తెలిసిన భాషలోనే ముందు నేర్చుకోవాలని 1953లోనే యునెస్కో నివేదిక చెప్పింది. భాషావేత్త కాథ్లీన్ హ్యూ, ఎనిమిదేళ్ల మాతృభాషా మాధ్యమం నడిచిన కాలంలో ఆఫ్రికన్ విద్యార్థుల మెట్రిక్ ఉత్తీర్ణత మెరుగుపడిందనీ, దాన్ని నాలుగేళ్లకు కుదించాక పడిపోయిందనీ ఎత్తిచూపింది. ఈ వాదనను కొట్టిపారేయకూడదు. తెలిసిన భాషలో లెక్క త్వరగా అర్థమవుతుంది, చెప్పేవాడు ఫెర్‌వుర్డ్ అయినా సరే. కానీ మెట్రిక్ దాకా చేరినవాళ్లు ఆనాడు పిడికెడుమంది. అర్థమైన లెక్కతో వెళ్లే చోటు లేనప్పుడు బోధనా పద్ధతి మంచిదన్న మాట సగం నిజమే అవుతుంది. ఇంకో సాక్ష్యం ఉంది. ఖోసా మాట్లాడేవాళ్ల కోసం వర్ణవివక్ష ప్రభుత్వం సృష్టించిన ట్రాన్స్‌కై ప్రాంతానికి 1963లో పరిమిత స్వపరిపాలన దక్కగానే అక్కడి శాసనసభ చేసిన తొలి పనుల్లో ఒకటి, మాతృభాషా మాధ్యమాన్ని తగ్గించి పై తరగతుల్లో ఇంగ్లిషును తిరిగి తేవడం. ఖోసా భాష మీద వాళ్లకు ప్రేమ లేక చేసిన పని కాదది.

1976 సొవెటో తిరుగుబాటును చాలామంది ఒకే వాక్యంలో చెబుతారు: ఆఫ్రికాన్స్‌ను రుద్దారు, పిల్లలు తిరగబడ్డారు. వాస్తవం ఇంకొంచెం చిక్కుగా ఉంది. మాధ్యమిక స్థాయిలో సగం సబ్జెక్టులు ఇంగ్లిషులో, సగం ఆఫ్రికాన్స్‌లో చెప్పాలన్న నియమం 1950ల నుంచీ కాగితం మీద ఉన్నదే. చెప్పగలిగే ఉపాధ్యాయులు లేక అది అమలు కాలేదు. 1974లో దక్షిణ ట్రాన్స్‌వాల్ అధికారులు లెక్కలు, సామాజిక శాస్త్రాలు ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలని ఉత్తర్వు ఇచ్చారు. ఆ భాష సరిగా రాని ఉపాధ్యాయుడు, అసలే రాని విద్యార్థులు. పైగా అదే సమయంలో బడి చదువును పదమూడేళ్ల నుంచి పన్నెండేళ్లకు కుదించడంతో రెండు తరగతుల పిల్లలు ఒకేసారి మాధ్యమిక బడుల మీద పడ్డారు. బడి బోర్డుల పెద్దలు విన్నపాలు పెట్టారు, ఫలితం లేదు. 1976 మేలో ఓర్లాండో వెస్ట్ పిల్లలు తరగతులు మానేశారు. జూన్ 16న మోరిస్ ఐజాక్సన్, నలేడి తదితర పాఠశాలల నుంచి ఊరేగింపులు బయలుదేరాయి. పోలీసులు కాల్పులు జరిపారు. తొలుత చనిపోయినవాళ్లలో హేస్టింగ్స్ ఎండ్లోవు, పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్ ఉన్నారు. 1977 ఫిబ్రవరి చివరికి దేశమంతటా 575 మంది చనిపోయారని ప్రభుత్వం వేసిన సిలియే కమిషనే తేల్చింది. ఉత్తర్వును జులైలోనే వెనక్కి తీసుకున్నారు, అయినా మంట ఆరలేదు. గొడవ ఒక్క భాషతోనే ముడిపడి ఉంటే ఆ జులైలోనే ముగిసిపోవాలి.

దక్షిణాఫ్రికాలోని తెలుగువాళ్ల అనుభవం ఇందుకు భిన్నం. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడతో మొదలై 1911 దాకా లక్షన్నరకు పైగా ఒప్పంద కూలీలు నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. వాళ్ల పిల్లలకు దొరికిన బడి ఇంగ్లిషు బడి. ఇంటిభాష రుద్దడమూ లేదు, దాన్ని పట్టించుకోవడమూ లేదు. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ సొంతంగా తెలుగు తరగతులు నడుపుకోవలసి వచ్చింది. జాతివివక్ష నిచ్చెనలో ఒక మెట్టు పైన ఉన్న ఈ పిల్లలకు ఇంగ్లిషు కొన్ని దారులు తెరిచింది. మూడు నాలుగు తరాల్లో ఇంటిలో తెలుగు దాదాపు ఆగిపోయింది. 1996 రాజ్యాంగం గౌరవించవలసిన సమాజ భాషల జాబితాలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు తెలుగును పేరుపెట్టి చేర్చింది. అప్పటికి ఆ భాషలో పాఠం వినగల పిల్లలు దాదాపు మిగల్లేదు.

అదే రాజ్యాంగం పదకొండు అధికార భాషలను ప్రకటించింది. సాధ్యమైనచోట తాము కోరిన అధికార భాషలో ప్రభుత్వ విద్య పొందే హక్కు ఇచ్చింది. నెవిల్ అలెగ్జాండర్ వంటివాళ్లు ఏళ్ల తరబడి వాదించిన ఆలోచన, ఇంటిభాషను వదలకుండా మరో భాషను చేర్చుకోవడం, 1997లో విధానమైంది. బడి భాషను నిర్ణయించే అధికారం తల్లిదండ్రులు ఎన్నుకునే పాలక మండళ్లకు దక్కింది. ఎంపిక ఎవరిదన్న మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే కనిపించింది. దారి ఎంత దూరమన్న రెండోది అలాగే ఉండిపోయింది. భాషా పేపర్లు పక్కన పెడితే మెట్రిక్ ప్రశ్నపత్రాలు ఆ తరవాతా దశాబ్దాలపాటు ఇంగ్లిషు, ఆఫ్రికాన్స్ భాషల్లోనే వచ్చాయి. నల్లజాతి తల్లిదండ్రులే ఇంగ్లిషు కోరుతుంటే ఇక వివాదమేముందని అడిగేవాళ్లున్నారు. ఖోసాలో మొదలుపెట్టిన చదువును ఖోసాలో ముగించే వీలు లేని చోట ఆ కోరికను భాషపై తీర్పుగా చదవడం పొరపాటు. ట్రాన్స్‌కై సభ్యుల లెక్కే వాళ్లదీ.

పాలక మండలి అధికారం వేరే మలుపు కూడా తిరిగింది. 2007లో ఎర్మెలో పట్టణంలో ఎనిమిదో తరగతి పిల్లలు 113 మందికి చోటు దొరకలేదు. పక్కనే సగం ఖాళీగా ఉన్న ఆఫ్రికాన్స్ ఉన్నత పాఠశాల, తమ భాషా విధానం ఒప్పుకోదని వాళ్లను చేర్చుకోలేదు. కేసు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. విద్యాశాఖ తొందరపాటును తప్పుపడుతూనే, బడి ఊరందరిదనీ, ఇప్పుడు చదువుతున్న పిల్లల మేలు ఒక్కటే చూసి భాష నిర్ణయించరాదనీ 2009లో కోర్టు చెప్పింది. మా భాషకూ రక్షణ ఉండాలి కదా అన్న ఆఫ్రికానర్ సంఘాల వాదనలో న్యాయం ఉంది. మిల్నర్ చేసింది తప్పయితే రేపు ఆఫ్రికాన్స్ బడులన్నీ మూసేయడమూ తప్పే. కానీ ప్రభుత్వ ధనంతో నిలిచిన ఖాళీ గదులకు భాష తాళంలా పనిచేసినప్పుడు, ఎంపిక హక్కు మరొకరి దారికి అడ్డం పడుతుంది. 2024లో అధ్యక్షుడు రామఫోసా సంతకం చేసిన విద్యా సవరణ చట్టం పాలక మండలి భాషా విధానానికి విద్యాశాఖ ఆమోదం తప్పనిసరి చేసింది. ఆ సెక్షన్ల మీద మూడు నెలలు రాజకీయ బేరసారాలు నడిచి డిసెంబరులో అమలులోకి వచ్చాయి.

ఆ గొడవ దేశంలో కొద్దిపాటి బడుల గురించే. మిగతావాటి స్థితిని 2021 అంతర్జాతీయ పఠన పరీక్ష చూపింది. పదకొండు భాషల్లోనూ పెట్టిన ఆ పరీక్షలో నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివినదాని అర్థం చెప్పలేకపోయారు. కోవిడ్ సెలవుల పాత్ర కొంత ఉంది. అంతకుముందు 2016లోనూ అది 78 శాతమే. ఇంటిభాషలో అడిగినా చదవలేకపోవడానికి పుస్తకాలు లేని తరగతి గదులూ, ఆ భాషలో చదవడం నేర్పే శిక్షణ సరిగా అందని ఉపాధ్యాయులూ కారణం. నాలుగో తరగతి నుంచి లెక్కలు, సైన్సును ఇంటిభాషతో కలిపి రెండు భాషల్లో చెప్పే కార్యక్రమం 2025లో మొదలైంది. ఈ పిల్లలు మెట్రిక్‌కు వచ్చేసరికి వాళ్ల ముందు పెట్టే ప్రశ్నపత్రం ఏ భాషలో ఉంటుందన్నది ఇంకా తేలవలసిన విషయం.