చెరకు, రెల్లు: ఒక చుట్టరికం కథ

1931లో మంజీర నదిపై నిజాంసాగరు నిర్మాణం పూర్తి కావడంతో నిజామాబాదు జిల్లా పొలాలకు కాలువనీరు పారింది. ఆ నీటి వెంట చెరకు విస్తరించింది. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం స్థాపితమైనది. కర్మాగారం చుట్టూ ఎకరాల కొద్దీ పెరిగిన తోటలను చూచినవారికి వాటిలో లక్షలాది మొక్కలున్నట్లు తోచేది. కాని జీవశాస్త్రజ్ఞుని లెక్కలో, ఒకే రకం వేసిన తోట ఎంత పెద్దదైనా ఒకే మొక్క.

ఇది ఎట్లు? రైతు చెరకును గింజతో వేయడు. గడను నరికి, కళ్ళున్న ముచ్చెలను నాటుతాడు. కంటినుండి లేచే మొలక తల్లిగడకు అచ్చమైన నకలు. తీపి గల గడ దొరికితే ఇది వరమే. కాని ఆ గడకు గిట్టని తెగులు వచ్చిందా, ఒకదానికి పట్టినది అన్నింటికీ పడుతుంది. 1940 ప్రాంతంలో బీహారులోను, దాని పొరుగున నేటి ఉత్తర ప్రదేశ్ తూర్పు భాగంలోను ఇదే జరిగింది. అంతవరకు రైతులు మెచ్చిన ‘కో. 213’ రకం ఎర్రకుళ్ళు తెగులుకు లొంగిపోయింది.

చెరకు పూస్తుంది గదా, గింజ మాటేమిటి? అది మొలవదనే చాలాకాలం నమ్మారు. 1880వ దశకం చివరలో జావాలోను, బార్బడోసులోను అది మొలుస్తుందని రుజువైనది. 1912లో కోయంబత్తూరులో చెరకు పరిశోధనా కేంద్రం ఏర్పడింది. అక్కడ సి. ఎ. బార్బర్, టి. ఎస్. వెంకటరామన్ ఒక సాహసం చేశారు. ‘వెల్లై’ అనే తీపి చెరకును రెల్లుగడ్డితో సంకరపరచారు. శరత్తులో ఏటిగట్లపై తెల్లగా పూచే రెల్లే ఇది! దానిలో తీపి స్వల్పం, మొండితనం మెండు. ఆ సంతతియే 1918లో ఉత్తరాది రైతులకందిన ‘కో. 205’.

జావాలోని డచ్చి శాస్త్రజ్ఞులు ఇట్టి సంకరాలను మళ్ళీ మళ్ళీ తీపి చెరకుతోనే కలిపి, మొండితనం పోకుండా తీపిని పెంచారు. 1921లో వారు సాధించిన ‘పి.ఓ.జె. 2878’ను ‘కో. 290’తో కలుపగా కోయంబత్తూరులో ‘కో. 419’ పుట్టింది. దక్షిణాదిన దశాబ్దాలపాటు రాజ్యమేలిన గడ ఇది. (బోధను కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడడానికి కారణాలు డబ్బు లెక్కలలో ఉన్నవి, గడలో కాదు.)

ఈ వంశంలో ఒక చిక్కున్నది. తీపి చెరకుకు 80 క్రోమోసోములు. రెల్లుకు తావును బట్టి 40 నుండి 128 వరకు. నేటి సంకర రకాలలో నూటికి పైగా ఉండగా, వాటిలో రెల్లు వాటా పదింట ఒకటి రెండు వంతులే. ఆ వాటానిచ్చిన రెల్లు మొక్కలనైతే వేళ్ళపై లెక్కించవచ్చు. పేర్లు ఎన్ని మారినా తాతలు వారే! ఏటిగట్ల రెల్లులోని వైవిధ్యంలో చాలాభాగం ఇంకా చెరకులో చేరనేలేదు.

అందుకే కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు దేశమంతటా తిరిగి రెల్లును సేకరించారు. ప్రపంచపు నలుమూలల చెరకు రకాలను మాత్రం కేరళలోని కణ్ణూరులో ఏటేటా నాటుతూ కాపాడుతున్నారు. కణ్ణూరు చుట్టుపట్ల చెరకు సాగు లేదు. పక్కపొలంనుండి తెగులు వచ్చే భయమూ లేదు.