కుక్కకు ఇన్సూరెన్స్ తీసుకుంటున్నారా..? ఆస్పత్రి ఖర్చు సరే, ఈ ఒక్క కవర్ ఉందో లేదో చూశారా?

పెంపుడు కుక్కకు ఇన్సూరెన్స్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఆస్పత్రి బిల్లు. ఆపరేషన్ పడితే ఎంతవుతుంది, కంపెనీ ఎంత ఇస్తుంది.. చాలామంది లెక్క అక్కడితోనే ఆగిపోతుంది. కానీ బంజారాహిల్స్, అమీర్‌పేట్, పంజాగుట్ట లాంటి చోట్ల పొద్దున పాలవాడి దగ్గర్నుంచి రాత్రి ఫుడ్ డెలివరీ దాకా గుమ్మం ముందుకు మనుషులు వస్తూనే ఉంటారు. అలాంటి ఇళ్లలో యజమానిని నిజంగా ముంచేసే ఖర్చు కుక్కకు జబ్బు చేస్తే వచ్చేది కాదు. కుక్క వల్ల ఎదుటి మనిషికి ఏదైనా జరిగితే వచ్చేది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌కు ఫుడ్ పార్శిల్ తీసుకొచ్చాడు 23 ఏళ్ల డెలివరీ బాయ్. మూడో అంతస్తులో తలుపు తట్టగానే ఇంట్లోని జర్మన్ షెపర్డ్ మొరుగుతూ మీదికొచ్చింది. భయంతో పరుగెత్తిన ఆ యువకుడు మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పంజాగుట్ట నిమ్స్‌లో చికిత్స పొందుతూ కన్నుమూశాడు. కుక్క యజమానిపై బంజారాహిల్స్ పోలీసులు ఐపీసీ 304-ఏ కింద, అంటే నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారని కేసు పెట్టారు. అదే ఏడాది మే నెలలో మణికొండలోనూ ఇలాగే జరిగింది. కుక్క మీదికి రావడంతో ఓ డెలివరీ బాయ్ మూడో అంతస్తు నుంచి దూకేశాడు. గాయాలతో బయటపడ్డాడు.

గమనించాల్సిందేంటంటే, ప్రమాదం అంటే కుక్క కరవడమే కానక్కర్లేదు. భయపెట్టినా చాలు.

థర్డ్ పార్టీ లయబిలిటీ అంటే ఏంటి..?

బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉన్నట్టే కుక్కకూ ఉంటుంది. మన కుక్క వల్ల బయటి మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా, వాళ్ల ఆస్తి పాడైనా చట్టప్రకారం మనం కట్టాల్సిన పరిహారాన్ని కంపెనీ భరిస్తుంది. అదీ పాలసీలో రాసిన పరిమితి దాకానే. తేడా ఒక్కటే.. బండికి ఇది తప్పనిసరి, కుక్కకు కాదు. అందుకే చాలా ప్లాన్లలో దీన్ని యాడ్-ఆన్‌గా పక్కన పెడతారు. ఆన్‌లైన్‌లో ప్రీమియం తగ్గించుకోవడానికి జనం ముందు తీసేసే టిక్ మార్కు కూడా ఇదే. వందల్లో మిగిలేదాని కోసం లక్షల్లో పోయేదాన్ని వదులుకోవడం అన్నమాట.

ఈ కవర్ తీసుకునేటప్పుడు రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి.

మొదటిది.. ఎవరు ‘థర్డ్ పార్టీ’? సాధారణంగా ఇలాంటి పాలసీల్లో ఇంట్లోవాళ్లు, ఇంట్లో జీతానికి పనిచేసేవాళ్లు ఆ లెక్కలోకి రారు. బంజారాహిల్స్ ఇళ్లలో కుక్కకు రోజూ దగ్గరగా మసిలేది ఎవరు? పనిమనిషి, డ్రైవర్, వాచ్‌మన్, కుక్కను వాకింగ్‌కు తీసుకెళ్లే కుర్రాడు. కరిచే అవకాశం ఎక్కువ ఉన్నది వాళ్లనే, పాలసీ బయట ఉండేదీ వాళ్లే! వాచ్‌మన్ జీతం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఇస్తే ఒక లెక్క, మీరే ఇస్తే ఇంకో లెక్క కావచ్చు. ఈ మాట ఏజెంట్ నోటితో చెబితే సరిపోదు. పాలసీ కాగితంలో ఏ క్లాజులో ఉందో చూపించమనాలి, లేదంటే కంపెనీ నుంచి మెయిల్‌లో జవాబు తీసుకోవాలి.

రెండోది.. రిజిస్ట్రేషన్. పెంపుడు కుక్కను జీహెచ్‌ఎంసీలో రిజిస్టర్ చేయించి లైసెన్సు తీసుకోవాలి, దానికి రేబిస్ టీకా సర్టిఫికెట్ ఉండాలి. ఇదేదో మున్సిపాలిటీ గొడవలే అని వదిలేసేవాళ్లు చాలామంది. రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు, చట్టం ప్రకారం చేయాల్సింది యజమాని చేయలేదన్న మాట కంపెనీ చేతికి మనమే అందించినట్టవుతుంది.

జాతి సంగతి కూడా చూసుకోవాలి. రాట్‌వీలర్, పిట్‌బుల్ సహా 23 జాతుల పెంపకాన్ని కట్టడి చేయాలని 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ తర్వాతి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, ఏ జాతికి కవర్ ఇవ్వాలో, ఇవ్వకూడదో కంపెనీలు తమ రూల్స్ తాము పెట్టుకోవచ్చు. కాబట్టి జాతి పేరు దాచడమో మార్చడమో చేస్తే ఆ పాలసీ ఉన్నా లేనట్టే.

పాలసీ ఉంటే పోలీస్ కేసు పోతుందా..?

పోదు. ఇన్సూరెన్స్ కట్టేది పరిహారం మాత్రమే. క్రిమినల్ కేసు, కోర్టు వేసే జరిమానా, శిక్ష.. ఇవన్నీ యజమానివే. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే సెక్షన్ 106. పాత చట్టంలో గరిష్ఠంగా రెండేళ్లున్న శిక్ష ఇందులో ఐదేళ్లకు పెరిగింది.

ఇక ఘటన జరిగాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. గాయపడినవాళ్ల ఇంటికి వెళ్లి కంగారులో ‘ఎంతైనా ఇచ్చేస్తాం’ అని మాటివ్వడం, కాగితం రాసివ్వడం. మానవత్వంగా చూస్తే తప్పులేదు. ఆస్పత్రిలో చేర్పించడం, మందులు కొనివ్వడం చేయాల్సిందే. కానీ తనకు చెప్పకుండా చేసుకున్న ఒప్పందాన్ని కంపెనీ ఒప్పుకోదు. లయబిలిటీ పాలసీలన్నింటిలోనూ ఉండే షరతు ఇది. కాబట్టి ముందు కంపెనీకి సమాచారం, తర్వాతే రాతకోతలు.

కరిచిందంటే మాత్రం అన్నిటికంటే ముందు సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు గాయాన్ని కడగాలి. వెంటనే యాంటీ రేబిస్ టీకాకు పంపాలి. నారాయణగూడలోని ఐపీఎంలో, ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీకా వేస్తారు. పెంపుడు కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అని డాక్టరుకు చూపించకుండా ఆగొద్దు.

మరి ఆస్పత్రి ఖర్చుల మాటేంటి..?

ప్రభుత్వరంగ బీమా కంపెనీలు కుక్కలకు ఎప్పటినుంచో పాలసీలు ఇస్తున్నాయి. అయితే అవి పశువుల బీమా బాటలో వచ్చినవి. ప్రధానంగా కుక్క చనిపోతే డబ్బులిచ్చేవి. వైద్యం ఖర్చు మీద దృష్టి పెట్టిన పాలసీలు ఈ మధ్యే పెరిగాయి. అప్పట్లో బజాజ్ అలయంజ్ పేరుతో ఉన్న కంపెనీ 2020లో కుక్కల పాలసీ తెచ్చింది. హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో 2024లో ‘పాస్ ఎన్ క్లాస్’ పేరుతో కుక్కలకూ పిల్లులకూ కలిపి తెచ్చింది.

వీటిలో అసలు చిక్కు ‘హాస్పిటలైజేషన్’ అన్న మాట దగ్గర వస్తుంది. హైదరాబాద్‌లో, అందులోనూ వానాకాలంలో, కుక్కలకు తరచూ వచ్చేది టిక్ ఫీవర్. గోమార్ల వల్ల వచ్చే ఈ జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తపరీక్షలు, కొన్ని రోజులు సెలైన్లు, నాలుగు వారాల దాకా మాత్రలు. కానీ చాలా క్లినిక్‌లలో కుక్కను రాత్రి ఉంచుకోరు. పొద్దున తీసుకెళ్లి సెలైన్ ఎక్కించి సాయంత్రం ఇంటికి తెచ్చుకోవాల్సిందే. బిల్లు వేలల్లో అవుతుంది, కాగితాల్లో మాత్రం అది ‘ఓపీ’. ఓపీ కవర్ లేని పాలసీకి ఈ బిల్లుతో పని లేదు. కాబట్టి కంపెనీకి వేయాల్సిన ప్రశ్న ‘టిక్ ఫీవర్ కవర్ అవుతుందా’ అని కాదు.. ‘అడ్మిట్ చేయకుండా రోజూ సెలైన్ పెట్టిస్తే కవర్ అవుతుందా’ అని.

బిల్లు మొత్తం వస్తుందనీ అనుకోవద్దు. ఉదాహరణకు 40 వేల రూపాయల ఆపరేషన్ అనుకుందాం. ఆ రకం ఆపరేషన్‌కు పాలసీలో 30 వేల సబ్ లిమిట్, అందులో 20 శాతం మీరే భరించాలన్న షరతు ఉంటే చేతికొచ్చేది 24 వేలు. అదీ ముందు మీరు కట్టాకే. కుక్కల పాలసీల్లో ఎక్కువగా నడిచేది రీయింబర్స్‌మెంటే. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి చేతిలో డబ్బు ఉండాల్సిందే.

వయసు ఇంకో గడి. పదేళ్ల లాబ్రడార్‌కు కాళ్లు పట్టేస్తున్నాయని అప్పుడు పాలసీ కోసం వెతికితే దొరకదు. బజాజ్ పాలసీనే తీసుకుంటే, మామూలు జాతులకు మూడు నెలల నుంచి ఏడేళ్ల లోపే కొత్తగా చేరాలి, పదేళ్ల దాకా కొనసాగుతుంది. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకు నాలుగేళ్ల లోపే చేరాలి, ఆరేళ్లతో సరి. అవి త్వరగా ముసలివవుతాయి మరి. కొనేముందు కంపెనీ తాజా నిబంధనల్లో ఈ అంకెల్ని మళ్లీ చూసుకోవడం మంచిది.

పాలసీకి ముందే ఉన్న జబ్బులు, పుట్టుకతో వచ్చిన లోపాలు, టీకా వేయించకపోవడం వల్ల వచ్చిన పార్వో, డిస్టెంపర్ లాంటివి సాధారణంగా కవర్ కావు. వెటర్నరీ డాక్టర్ చీటీలో ఎప్పుడో ‘కుంటుతోంది’ అని రాసి ఉంటే, రెండేళ్ల తర్వాత తుంటి ఆపరేషన్ క్లెయిమ్‌కు అదే అడ్డం పడొచ్చు. ప్రపోజల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయడమే నయం.

రోడ్డు మీద నుంచి తెచ్చుకున్న దేశీ కుక్కలకూ పాలసీలున్నాయి. కాకపోతే కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి చనిపోతే వచ్చే మొత్తం తక్కువగా కడతారు. వైద్యం కవర్ విషయంలో దానివల్ల పెద్ద నష్టం లేదు. నిజానికి జాతి జబ్బులు తక్కువగా ఉండే దేశీ కుక్కకు వైద్యం పాలసీ కంటే థర్డ్ పార్టీ కవరే ఎక్కువ అక్కరకొస్తుంది.

కుక్క చనిపోతే ఆ బాధలో వెంటనే ఫతుల్లాగూడ దహనవాటికకు తీసుకెళ్లిపోతారు. డెత్ కవర్ ఉంటే మాత్రం అంతకంటే ముందే కంపెనీకి చెప్పి, వెటర్నరీ డాక్టర్ సర్టిఫికెట్, ఫొటోలు తీసి పెట్టుకోవాలి. పోస్ట్‌మార్టం అడిగే అవకాశమూ ఉంది. దీపావళి టపాసుల చప్పుడుకు బెదిరి పారిపోయిన కుక్కకు క్లెయిమ్ కావాలంటే పోలీస్ ఫిర్యాదు కాపీ ముఖ్యం. మైక్రోచిప్ వేయించి ఉంటే అది మీ కుక్కేనని తేల్చడం తేలిక.

ఒక చిన్న సంగతి.. ఈ ప్రీమియంకు ఇన్‌కంట్యాక్స్‌లో 80డీ మినహాయింపు రాదు. కుక్క కుటుంబ సభ్యుడే అని మనం అనుకున్నా ఆదాయపు పన్ను శాఖ అనుకోదు.

పాలసీ నచ్చకపోతే, క్లెయిమ్ కొట్టేస్తే..?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో సాధారణ బీమాపై ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఏడాది పాలసీని కస్టమర్ కారణం చెప్పకుండా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. క్లెయిమ్ తీసుకోకపోయి ఉంటే మిగిలిన కాలానికి ప్రీమియం వెనక్కి ఇవ్వాలి. కాగితాలు లేవన్న కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించకూడదనీ అందులో ఉంది. పాలసీతో పాటు ‘కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్’ వస్తుంది. మొత్తం పాలసీ చదివే ఓపిక లేకపోతే ఆ షీట్‌లో మినహాయింపుల భాగమైనా చదవాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి, ఆ తర్వాత బీమా భరోసా పోర్టల్‌లో లేదా 155255 నంబర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 30 రోజుల్లో కంపెనీ జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌ లక్డీకాపూల్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.